తావులు తారుమారు

ఆ రోజుకు వెంకటముని వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పొద్దున్నే పుస్తకాల కట్టలు జట్కాలో వేయించడం, సభవేళకు వాటిని పఠనమందిరంలో అప్పజెప్పడం, వెనక వరసలో కూర్చుని చిన్నప్పుడు బడిలో తనకు చదువు చెప్పిన అయ్యవారి ఉపన్యాసం విని, వాళ్ళిచ్చే కాఫీ తాగి ఇంటికి రావడం. అంతే.

తిరుపతి తీర్థకట్ట వీధిలో అతనికొక అచ్చాఫీసు ఉండేది. యుద్ధం వచ్చి దాన్ని సగం చేసింది. కంపోజిటరు పటాలంలో చేరాడు. బైండరు రేణిగుంట రైల్వే పనికి పోయాడు. మిగిలింది ఒక తొక్కుడు మిషను, వెంకటముని, అతని భార్య పంకజాక్షి. అతను అక్షరాలు కూర్చి అచ్చువేస్తే, ఆమె అచ్చయిన పెద్ద కాగితాలు, అంటే తావులు, మడిచి, వరసగా పేర్చి, కుట్టేది. కాగితం కరువు కనక పేజీల నెత్తిన పుస్తకం పేరు వేయడం కూడా మానేశాడు. ఉత్త అంకె మాత్రం ఉండేది.

ఇప్పుడు అచ్చయిన పుస్తకం పేరు ‘నవ్వుల దారి’. రాసినవాడు ఆ అయ్యవారే, వరదయ్య. హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఇంగ్లీషు పుస్తకాలు చదివి చదివి ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. చీనా దేశంలో తావో అని ఒక మార్గముందట. అక్కడి గురువులు దాన్నీ, మనవైపు నుంచి వెళ్ళిన బౌద్ధాన్నీ శిష్యులకు నవ్విస్తూ చెప్పారట.

“బుద్ధుడు మన దేశంలో పుట్టి మనకే కాకుండా పోయినాడంటే కారణం ఒకటేరా మునీ,” అనేవాడు. “మనం ఆయన్ని మరీ మొగం ముడుచుకొని చెప్పినాం. నవ్వేటప్పుడు మనిషి నోరు తెరుస్తాడు సూడు, మందు అప్పుడు పోసెయ్యాల.”

చిక్కల్లా ఒకటే. వరదయ్య నవ్వగా చూసినవాళ్ళు తిరుపతిలో లేరు. ఆయన బడిలో హాస్యం చెప్పేవాడు, చెప్పిన వెంటనే దానికి ప్రతిపదార్థం, ఆ తర్వాత తాత్పర్యం చెప్పేవాడు. పిల్లలు రాసుకునేవాళ్ళు.

పఠనమందిరానికి అధ్యక్షుడు రిటైరైన జడ్జి గోవిందస్వామి. మతం నవ్వులాట కాదని ఆయన మొదటినుంచీ పట్టుబట్టి కూర్చున్నాడు. వరదయ్య తన చుట్టూ తిరగ్గా తిరగ్గా, సభకు మాత్రం ఒప్పుకున్నాడు. జనం మెచ్చకపోతే ఆ పుస్తకం తన మందిరం బీరువాలోకి రావడానికి వీల్లేదన్నాడు. “ఇది గూడా పోయిందంటే నేనింగ కలం పట్టనురా” అన్న మాట వరదయ్య వెంకటముని ఒక్కడికే చెప్పాడు. అందుకని వెంకటముని ఈ పుస్తకాన్ని దేవుడి పనిలాగా చేశాడు.

కట్టలు కట్టే ముందు ఒక పుస్తకం తీసి వాసన చూశాడు. కొత్త సిరా వాసన అతనికి మల్లెపూల కంటే ఇష్టం. చూసి, ఎనిమిదో పేజీ చివర కళ్ళు ఆనించాడు. ‘శిష్యుడు పాదములపై బడి, స్వామీ! దారి యేది? దానిని కనుగొనుట యెట్లు? అని వేడుకొనెను. గురువు చిరునవ్వు నవ్వి యిట్లనియె’ అని ఉంది. పేజీ తిప్పాడు.

‘ముందుగా తోక పైకెత్తి చూడవలెను.’

వెంకటముని పుస్తకం మూశాడు. కాసేపాగి తెరిచాడు. తోక అక్కడే ఉంది.

సంగతి మెల్లగా బుర్రకెక్కింది. అదే వారంలో అతను ఇంకొక పుస్తకం అచ్చువేశాడు. చిత్తూరులో పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా చేసిన కుప్పుస్వామి రాసిన ‘గోసంరక్షణి’. అదే సైజు, అదే కాగితం, అవే అక్షరాలు. రెండింటి తావులూ వసారాలో తీగలమీద ఆరుతుండగా మొన్న గాలివాన వచ్చింది. ఇద్దరూ పరుగెత్తి చేతికందినవి అందినట్టు లోపలికి చేర్చారు.

“పంకజా! ఏమే, ఏం చేసినావే!”

పంకజాక్షి సూది చేత్తో పట్టుకునే వచ్చింది. పేజీలు చూసింది. “నంబర్లు వరసగానే ఉండాయి కదా. ఎనిమిది తరవాత తొమ్మిది. ఇంగేం కావల్ల?”

“నంబరు వరసగా ఉండాది. సంగతి యాడుండాది? ఇది ఎద్దుల పుస్తకంలోది గదే!”

“నన్ను మడవమని సెప్పినావా, సదవమని సెప్పినావా?”

వెంకటముని ఇంకొక పుస్తకం తీశాడు, కట్టల అడుగునుంచి మరొకటి లాగాడు. అన్నిట్లోనూ అదే తోక. రెండో ఫారం, అంటే తొమ్మిది నుంచి పదహారు దాకా పేజీలున్న తావుల దొంతర, మొత్తం అటుదిటు ఇటుదటు మారిపోయింది. అంటే వరదయ్య చీనా గురువులు కొందరు కుప్పుస్వామి పుస్తకంలోకి పోయి ఉండాలి. కుప్పుస్వామి నిన్ననే తన కట్టలన్నీ వడమాలపేట పశువుల సంతకు తీసుకుపోయాడు.

ముందు అయ్యవారికి నిజం చెప్పేయాలనుకుని వెంకటముని చొక్కా తొడుక్కుంటూనే వీధిలో పడ్డాడు. అయ్యవారి ఇంటి అరుగుమీద ఆయన భార్య నిర్మలమ్మ దిగులుగా కూర్చుని ఉంది.

“మంచి సమయానికి వచ్చినావురా నాయనా. మీ అయ్యవారు పొద్దున్నుంచీ అద్దం ముందర నిలబడి పండ్లు బయటబెడతా ఉండారు. పంటినొప్పా అంటే కాదంటారు. నువ్వన్నా రవంత కనుక్కో.”

లోపల వరదయ్య నిజంగానే అద్దం ముందు ఉన్నాడు. వెనక్కి తిరక్కుండానే, “మునీ, ఇది సూడు, చిరునవ్వు. ఇప్పుడిది సూడు, మందహాసం. ఉపన్యాసంలో ఏది బాగుంటుంది?” అన్నాడు.

“రెండూ ఒగటే మాదిరి ఉండాయి అయ్యవారూ. అది కాదు గానీ, కొంప మునిగింది. తావులు తారుమారైనాయి.”

వరదయ్య గబుక్కున తిరిగాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఏమన్నావు? తావో తారుమారా! ఎంత మాటన్నావురా! పైది కిందికి, కిందిది పైకి. తావో అంటే అదే. అచ్చువేస్తా వేస్తా పట్టేసినావే!”

“తావో కాదు సామీ, తావులు. లోపల పశువులు చేరినాయి.”

“చేరవా మరి? మనిషి లోపల పశువు లేదా? బుద్ధుడు అంత దూరం నడిచి నడిచి చెప్పింది దాన్ని గురించే కదా.”

వెంకటముని ఇంక దాచి లాభం లేదని, “పేడ గూడా ఉండాది అయ్యవారూ,” అన్నాడు.

వరదయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తామరపువ్వు యాడ పుడుతుందిరా? బురదలోనే కదా! బడిలో నీకు ఏమీ ఎక్కలేదనుకున్నానురా. నా శిష్యుల్లో ఒక్కడికన్నా ఎక్కింది.” అంటూ అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. అంత ప్రేమలో ఊపిరాడక వెంకటముని తక్కిన మాట మింగేశాడు.

వీధిలోకి వచ్చాక అతనికి ఇంకొక ఉపాయం తోచింది. పుస్తకాలు సభకు రాకుండా చేస్తే సరి. అయ్యవారు నోటితో ఏదో నాలుగు ముక్కలు చెప్పుకుంటారు. తర్వాత కుట్లు విప్పి అన్నీ సరిచేసుకోవచ్చు. పరుగున ఇంటికి వచ్చేసరికి వసారా శుభ్రంగా ఊడ్చి ఉంది. కట్టలు ఒక్కటీ లేవు.

“యాడే కట్టలు?”

“జట్కాలో పంపించేసినాను. పొద్దున్నే పోవల్లని నిన్నంతా పాట పాడింది ఎవురు?”

వెంకటముని పఠనమందిరానికి పరుగెత్తాడు. అక్కడ జడ్జి గోవిందస్వామి అప్పటికే పడకకుర్చీలో కూర్చుని, పుస్తకం ఒకటి ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. మామూలుగా ఆయన పుస్తకం చదివితే తప్పులు వెతకడానికే చదువుతాడు. తీర్పులు రాసిన చెయ్యి, ఊరికే ఉండదు. వెంకటమునిని చూసి వేలితో పిలిచాడు.

“రావయ్యా. ఈ పదహారో పేజీ నన్ను అరగంటనుంచి కదలనివ్వడం లేదు.” అని బిగ్గరగా చదివాడు. “‘రోగము ముదిరినచో, కడుపుపై చేయివైచి తట్టగా డోలువలె మ్రోగును. అప్పుడు’, ఇక పదిహేడో పేజీ, ‘గురువు తటాలున లేచి, చూచితివా, యిదియే నీ యహంకారము! అనెను.’ ఏమిటిది?”

వెంకటముని చేతులు నలుపుకున్నాడు. “అది ఉబ్బరం అయ్యా.”

“ఏమన్నావు?”

“కడుపుబ్బరం అయ్యా. ఎద్దులకు వస్తుంది. పచ్చిమేత ఎక్కువైతే.”

జడ్జి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పైకప్పు వైపు చూశాడు. “ఉబ్బరం,” అన్నాడు నెమ్మదిగా. “పచ్చిమేత ఎక్కువైతే. అరగని చదువు! లోపల గాలి తప్ప ఏమీ లేదు, తడితే మాత్రం మోత. ఔరా, వరదయ్యా! ఇంతటివాడివని నాకు తెలీకపోయిందే.” అంతటితో ఊరుకోక తన పొట్టమీద ఒకసారి తట్టి చూసుకుని, ఏదో ఆలోచనలో పడిపోయాడు.

సభవేళకు మందిరం నిండింది. జడ్జిగారు తానుగా నలుగురికీ కబురు పెట్టాడని తెలిసి వచ్చినవాళ్ళే ఎక్కువ. వెంకటముని స్తంభం చాటున నిలబడ్డాడు. ముందు వరసలో నిర్మలమ్మ, ఆవిడ పక్కన ఏమీ జరగనట్టు పంకజాక్షి.

వరదయ్య లేచి, అద్దం ముందు సాధన చేసిన నవ్వు నవ్వాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ముందుకు వంగారు. తావో అంటే ఏమిటో, బౌద్ధంతో దానికి చుట్టరికమేమిటో ఆయన చెబుతూ పోయాడు. జనం ‘తావు, తావు’ అని చెవుల్లో చెప్పుకున్నారు. అన్నదానం ఏ తావున జరుగుతుందో చెబుతున్నాడని వెనక ఒక ముసలాయన పక్కవాడికి అర్థం చెప్పాడు. అందరూ బుద్ధిగా విన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

“ఇప్పుడు ఒక కథ చదువుతాను,” అని వరదయ్య పుస్తకం తెరిచాడు. వెంకటముని కళ్ళు మూసుకున్నాడు.

“‘గురువు చిరునవ్వు నవ్వి యిట్లనియె,’” అంటూ వరదయ్య పేజీ తిప్పాడు. బడిపంతులు గొంతు, ఖంగున మోగింది. “‘ముందుగా తోక పైకెత్తి చూడవలెను.’”

చదివేశాక ఆయన ఆగాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. గోడమీద బల్లి ఒకటి పలికింది.

“ఆహా!” అన్నాడు జడ్జి. అలవాటు లేకపోయినా లేచి నిలబడ్డాడు కూడా. “సభ్యులారా, గమనించండి. మనిషి ఎప్పుడూ కొమ్ములే చూసుకుంటాడు. తన వెనక ఏముందో చూసుకోడు. దారి ఏదయ్యా అంటే, ముందు నీ తోక ఎత్తి చూసుకో అంటున్నాడు గురువు! ఆపవద్దు పంతులుగారూ, చదవండి.”

జడ్జి చదవమన్నాక చదవక తప్పదు. వరదయ్య తడబడుతూ, “‘పేడ గట్టిగా నున్నదా, పలుచగా నున్నదా గమనింపవలెను’,” అని చదివాడు.

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. దాన్ని పట్టుకుని ఇంకొకరు. ఆపుకుందామని నోటికి పైపంచె అడ్డం పెట్టుకున్నవాళ్ళు ముందు పడిపోయారు. చూస్తుండగానే మందిరమంతా నవ్వుల్లో మునిగింది. జడ్జి మాత్రం నవ్వకుండా, “గట్టిది కర్మ, పలుచనిది జ్ఞానం,” అని విప్పి చెబుతుంటే నవ్వు మరింత పెరిగింది.

స్తంభం చాటునుంచి వెంకటముని అయ్యవారినే చూస్తున్నాడు. ఇంతకాలం ఆయన కోరుకున్న నవ్వు వచ్చింది. పేడకు వచ్చింది. ఆయన తల ఎత్తి సభంతా కలయజూసి, స్తంభం పక్కన వెంకటమునిని కనిపెట్టాడు. పొద్దున వాడు చెప్పిన మాటలు ఒక్కొక్కటే ఆయనకు గుర్తుకొస్తున్నట్టుంది. తావులు. పశువులు. పేడ. ఆయన పెదవి అదిరింది. ఏడుస్తాడనుకున్నాడు వెంకటముని.

వరదయ్య నవ్వాడు. చిరునవ్వూ కాదు, మందహాసమూ కాదు. కడుపు పట్టుకుని, బల్లమీద వాలి, కళ్ళజోడు జారిపోగా, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. నిర్మలమ్మ కెవ్వుమని లేచి, “అయ్యో, పొద్దున్నే అనుకున్నాను! నీళ్ళు తెండప్పా, నీళ్ళు!” అంటూ వేదిక ఎక్కింది.

వెంకటముని ఇక ఆగలేకపోయాడు. ఆయనకేదో అయిపోతోందన్న భయంతో ముందుకు దూకి, “తప్పు నాది! అయ్యవారిది కాదు. అది ఎద్దుల పుస్తకం. వానలో కలిసిపోయినాయి,” అని అరిచాడు.

జడ్జి చెయ్యెత్తి సభను ఆపాడు. “విన్నారా? చేసినవాడు నేను అంటున్నాడు, చేసింది వాన అంటున్నాడు. పంతులుగారి దగ్గిర అచ్చువేసేవాడికి కూడా ఇంత ఎక్కింది! మనకు ఎక్కదా?” జనం చప్పట్లు కొట్టారు. “నిజంగా ఎద్దుల పుస్తకమయ్యా!” అని వెంకటముని మొత్తుకున్నకొద్దీ చప్పట్లు పెరిగాయి.

అప్పుడు గుమ్మంలో ఒక మనిషి కనిపించాడు. మోకాళ్ళదాకా దుమ్ము, చేతిలో ముల్లుగర్ర. వడమాలపేట రైతు మునస్వామి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు దిగి నేరుగా వచ్చాడు. “పసువుల బుక్కు అచ్చేసినోడు ఈడుండాడంట. ఎవురప్పా?” అన్నాడు.

ఎవరి ఎద్దో చచ్చింది, ముల్లుగర్ర తన కోసమే వచ్చింది అనుకున్నాడు వెంకటముని. తప్పు ఒప్పుకున్న ఊపులోనే, “నేనే అబ్బా,” అని తల వంచి నిలబడ్డాడు.

“నిన్న సంతలో కొన్నాను,” అన్నాడు మునస్వామి. “తెల్లారి లేస్తే మా ఎద్దుకు పొట్ట ఉబ్బి నేలబడింది. బుక్కు తీసి మా అల్లునితో సదివించినాను. ‘ఎద్దు కడుపుబ్బి పడినచో కాపరి చేయవలసినదేమనగా’ అని ఉండాది. పేజీ తిప్పితే, ‘ఏమియు చేయకుండుట. ప్రక్కన గూర్చుండి బిగ్గరగా నవ్వుము’ అని ఉండాది. సరే, పెద్దోళ్ళు రాసినారు కదా అని కూర్చోని నవ్వినాను.”

“నవ్వినావా!”

“నవ్వక? నా ఎద్దప్పా అది. ఏడుపొస్తా ఉన్నా నవ్వినాను. మా ఆడమనిషి సూసి నాకు దెయ్యం పట్టిందని ఊరంతా కేకలేసింది. ఊరంతా వచ్చినారు. సంగతి సెప్పితే వాళ్ళూ నవ్వినారు. ఆ గోలకు ఎద్దు బెదిరి తటాలున లేసి, తాడు తెంపుకొని చెరుకుతోటల మీద పరుగో పరుగు. పరిగెత్తేకొద్దీ గాలంతా పొయ్యి, ఇప్పుడు గడ్డి తింటా ఉండాది. ఈ మందు రాసిన మహానుబావుడు ఎవురు? ఆయన కాళ్ళు మొక్కి పోదామని వచ్చినాను.”

వెంకటముని చేత్తో వరదయ్యను చూపించాడు. మునస్వామి ముల్లుగర్ర పక్కన పెట్టి ఆయన కాళ్ళమీద సాగిలపడ్డాడు. “సామీ, ఎద్దుకు సరే, ఎనుములకు గూడా ఇదే మందా?” అని అడిగాడు. అప్పుడే ఊపిరి తీసుకుంటున్న వరదయ్య మళ్ళీ నవ్వులో పడిపోయాడు. నిర్మలమ్మ చేతిలోని చెంబుడు నీళ్ళూ మునస్వామి వీపుమీద ఒలికాయి.

ఆ సాయంత్రం పుస్తకం ఒక్కటి మిగల్లేదు. జడ్జి తన చేత్తో ఒకటి బీరువాలో పెట్టి తాళం వేశాడు. కుప్పుస్వామి మాత్రం రెండు రోజులు ఆగి చిత్తూరునుంచి వచ్చి, “ఆ నవ్వే మందు నాకు తెలీకుండా నా పుస్తకంలోకి ఎట్ల వచ్చిందప్పా? సంతలో అందరూ దాన్నే అడగతా ఉండారు,” అని కాసేపు తగువాడి, ఇంకొక కట్ట వేసిపెట్టమని చెప్పి పోయాడు.

జడ్జి ‘నవ్వుల దారి’కి రెండో ముద్రణ కావాలన్నాడు. కలెక్టరాఫీసులో మాట్లాడి కాగితం కూడా ఇప్పించాడు. “ఒక్క అక్షరం మారడానికి వీల్లేదు,” అన్నాడు. వెంకటముని వెళ్ళి అయ్యవారిని అడిగాడు. వరదయ్య అరుగుమీద కూర్చుని వేరుశనగకాయలు వలుస్తున్నాడు.

“అది నేను రాసింది కాదు. నువ్వు అనుకొని అచ్చేసింది కాదు. కుప్పుస్వామి సెప్పింది గూడా కాదు,” అన్నాడాయన. “నాకైతే ఏమీ అర్థం కాలేదురా మునీ. కానీ మా ఇంట్లో ఆమె అంటా ఉండాది, నేను రెండు పొద్దులుగా నిద్దట్లో గూడా నవ్వతా ఉండానంట. జడ్జిగారు అన్నట్టే కానీ.”

వెంకటముని రెండు పుస్తకాలకూ మళ్ళీ అక్షరాలు కూర్చాడు. ఈసారి వాన రాలేదు. తావులు చక్కగా ఆరాయి. చక్కగా ఆరితే తప్పు ఎట్లా జరుగుతుంది? ఆ రెండో ఫారం దొంతరలు అటుదిటు మార్చిపెట్టమని పంకజాక్షికి గట్టిగా చెప్పాడు. ఆమె పొద్దున్నే లేచి, చెప్పిన మాట ప్రకారం మార్చి, నీళ్ళకు వెళ్ళింది. ఆమె మీద నమ్మకం చాలక వెంకటముని వచ్చి, ఆమె ఇంకా మార్చలేదనుకుని, దొంతరలు తన చేత్తో మళ్ళీ మార్చాడు. ఆమె నంబర్లు వరసగా చూసి కుట్టేసింది.

పుస్తకాలు పఠనమందిరం చేరిన మర్నాడు జడ్జి కబురు పెట్టాడు. వెంకటముని వెళ్ళేసరికి ఆయన కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, తోకా పేడా లేని రెండో ముద్రణ ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉన్నాడు.

“మొదటిసారి ఎంత బాగా వేశావయ్యా,” అన్నాడు. “ఈసారి అన్నీ అచ్చుతప్పులే.”